మేకపిల్లకి చొక్కా

మా ఊరు చింతపల్లి మండలంలో లంబసింగి దగ్గర కొండ మీద ఉంది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉందని సోషల్ మేడం గారు చెప్పారు. చలికాలంలో మంచు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో కార్లు వేసుకుని వస్తారు. వాళ్లకి స్వెట్టర్లు, టోపీలు ఉంటాయి. మాకు నెగడు ఉంటుంది. మేకపిల్లలకి ఏమీ ఉండదు.

మా ఇంట్లో 5 మేకలు. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు నా ట్రంకు పెట్టె, దుప్పటి, చెప్పులు అన్నీ ఒక మేకపోతుని సంతలో అమ్మితే వచ్చినవే. అందుకని పిల్ల చచ్చిపోతే మా అయ్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడడు. అంతకుముందు ఏడు చలికి మూడు పిల్లలు పోయాయి.

క్రిందటి సంక్రాంతి సెలవుల్లో నల్లమేక రాత్రిపూట రెండు పిల్లల్ని ఈనింది. పోతుపిల్ల వెంటనే లేచి పాలు తాగింది. రెండోది ఆడది, నుదుటి మీద తెల్లచుక్క. అది లేవలేదు. అమ్మ దాని నోట్లో వేలు పెట్టి, "సల్లగుందే" అంది. మేక ఒళ్లు మన ఒళ్లు కంటే వేడిగా ఉంటుంది, 39 డిగ్రీల దాకా. నోరు చల్లబడిందంటే బతకడం కష్టం. అమ్మ గడ్డితో తడి అంతా తుడిచి ఒళ్లో పెట్టుకుని నెగడు దగ్గర కూర్చుంది. నోరు వెచ్చబడ్డాకే జున్నుపాలు పిండి పట్టింది. చల్లగా ఉన్న పిల్లకి పాలు పట్టకూడదట.

తెల్లారాక తల్లి దగ్గర వదలాలి కదా. మళ్లీ రాత్రికి ఎలాగ? అప్పుడు నాకు చొక్కా ఆలోచన వచ్చింది. గోనెసంచి ముక్క పైన, నా పాత యూనిఫాం స్కర్టు లోపల. (వార్డెన్ మేడం గారూ, అది ఆరో తరగతిది, నాకు పట్టదు!) అమ్మ నవ్వి, "ఏటే గుంటా, మేకని బడికి పంపుతావేటి?" అంది. కానీ దబ్బనం, పురికొస తనే తెచ్చింది.

మెడ నుంచి తోక మొదలు దాకా నా స్కేలుతో కొలిస్తే 30 సెంటీమీటర్లు. అమ్మకి చదువు రాదు. తను జాన వేసి, "జానెడు మీద నాలుగేళ్లు" అంది. రెండూ ఒకటే అయ్యాయి! ముందుకాళ్లకి రెండు కన్నాలు పెట్టాం. వెనక వైపు, పొట్ట కింద గుడ్డ రాకూడదు, ఉచ్చపోస్తే తడిసిపోతుంది. తడి గుడ్డ కంటే గుడ్డ లేకపోవడమే మేలు. ముడి కింద రెండు వేళ్లు దూరాలి, లేకపోతే ఊపిరాడదు. ఇది మాత్రం అమ్మ మాటే, నా స్కేలుకి తెలీదు.

ఇంకో సంగతి కూడా అమ్మే చెప్పింది. తల్లిమేక వాసన చూసి పిల్లని గుర్తుపడుతుంది. కొత్త గుడ్డ వాసన వస్తే తన్నేస్తుంది. అందుకని కుట్టిన చొక్కాని నల్లమేక వీపు మీద బాగా రుద్ది, తరవాతే పిల్లకి తొడిగాం. మేక ఒకసారి మూచూసి ఊరుకుంది. పోతుపిల్ల మాత్రం చెల్లి చొక్కా అంచు నమిలేసింది. పురికొస ముడి వీపు పక్కకి కాకుండా పొట్ట కిందకి మార్చాం.

ఊళ్లో పిల్లలు "గంగిరెద్దు, గంగిరెద్దు" అని ఎగతాళి చేశారు. గంగిరెద్దుకి కూడా ఇళ్లలో అడిగిన పాత బట్టలే కప్పుతారు, అందులో నవ్వడానికి ఏముంది? రోజూ ఎండ వచ్చాక విప్పి ఆరేసి, పొద్దుగూకగానే తొడిగేదాన్ని. సెలవులు అయిపోయి హాస్టలుకి వచ్చేటప్పుడు ఆ పని తమ్ముడికి అప్పజెప్పాను. బస్సులో అదే బెంగ.

ఉగాదికి అయ్య నన్ను చూడ్డానికి వచ్చాడు. నేను అడగకముందే, "నీ సుక్క గోడెక్కుతోందే" అన్నాడు. పోతుపిల్లని తమ్ముడి పెట్టె కోసం అమ్మేస్తారు. చుక్కని అమ్మరు, ఆడది కదా. చొక్కా చూరులో దాచారట.

ఎనిమిదో తరగతి చెల్లి ఒకామె వాళ్ల ఆవుదూడకి కుట్టడం చెప్పమంది. దూడకి సంచి మొత్తం కావాలి, కొలత మాత్రం ఇంటి దగ్గరే తీసుకోవాలి. దసరా సెలవులకి వెళ్లేవాళ్లు ఎవరైనా అడగండి. దబ్బనం నా పెట్టెలో ఉంది. మళ్లీ తెచ్చి ఇచ్చెయ్యాలి.

— 9వ తరగతి విద్యార్థిని