వదిన ఓవెన్

మా భివండి పద్మానగర్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లకు ఓల్టేజి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఓల్టేజి పడితే సాంచా మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, చూసుకోకపోతే వైండింగు కాలిపోతుంది. ఓవెన్ తీరు వేరు. అది తక్కువ లాగి, చల్లగా ఊరుకుంటుంది. నింద మాత్రం పిండి మీదికి పోతుంది.

నాలుగు సాంచాలూ తూకానికి అమ్మేశాక మా వదిన నాన్‌ఖటాయి చేసి అమ్ముతోంది. దీపావళి వారం ముందు కబురు పెట్టింది.

"పైన మాడుతుంది, కింద పచ్చిగుంటుంది మరిదీ. ఐదు కిలోలు ఒప్పుకున్న. కొత్తది కొనాల్నంటే పండుగ పైసలన్నీ దానికే పోతయి."

ప్లగ్గు పీకి, చల్లారాక పిన్నుల మధ్య మీటరు పెట్టాను. పైన 600 వాట్ల కాయిలు, కింద 600. రెండూ బాగుంటే, 230 ఓల్టుల లెక్కన, 44 ఓములు చూపాలి. 88 చూపించింది. అంటే ఒక్కటే పనిచేస్తోంది.

అడుగు రేకు విప్పితే కాయిలు తెగలేదు. కొస బిగించిన నట్టు వదులై నల్లగా మాడి ఉంది. ఈ తీగ నైక్రోము. నికెలు, క్రోమియం కలిపి చేసిన దీనికి ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా పైన పట్టే ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది. కాని కొస దగ్గర ఆ పొరే కరెంటుకు అడ్డం. మామూలు టంకం దీనికి అతకదు. మెలివేసి వదిలేస్తే ఆ ముడి దగ్గరే తెగుతుంది. మా బజారు రిపేరు సగం ఆ మెలికలే! ఆకురాయితో మెరిసేదాకా గీకి, కొత్త వాషర్లు వేసి బిగించాను. మీటరు 44కు దిగింది. బాడీకి కరెంటు తగలడం లేదని కూడా చూశాను.

అయినా వేడి చాలలేదు. ఓవెన్ ఆపితే ప్లగ్గు దగ్గర 228, వేస్తే 205. కిటికీలోంచి లాగిన సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వేడి ఓల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 205 దగ్గర 230 నాటి వేడిలో ఐదో వంతు తగ్గినట్టే. తగ్గిన దానిలో కొంత ఆ తీగనే కాలుస్తోంది.

"ఇది ఇల్లు కాల్చే తీగ వదినా" అని పీకి, వంటింట్లో ఉన్న 15 ఆంపియర్ల సాకెట్టుకే నేరుగా పెట్టించాను. బల్ల జరపడానికి ఆమె కొంచెం సణిగింది.

మొదటి పళ్లెం దించి, ఒకటి తిరగేసి అడుగు చూసింది. నాకు పెట్టలేదు, లెక్క తప్పుతుందని డబ్బాలో వేసింది.