వీధి అరుగు

పాలు, కూరలు, మందులు, బడి, గుడి కాలినడకన అందే దూరంలో ఉండి, ఆ నడక పిల్లలకూ ముసలివారికీ భయం లేకుండా సాగే నివాస ప్రాంతాన్ని నడవదగిన పేట అంటారు. అమెరికాలో క్లారెన్స్ పెర్రీ 1929లో అలాంటి పేటకు నడిబొడ్డు నుంచి అంచు దాకా పావు మైలు, అంటే సుమారు 400 మీటర్లు, ఉండాలని కొలత చెప్పాడు. భావనారాయణస్వామి గుడి చుట్టూ అల్లుకున్న బాపట్ల పాత వీధులు ఆ కొలత పుట్టడానికి ఎంతో ముందే నడకకు అనువుగా ఏర్పడినవి. ఆ చుట్టుపక్కలి తెనాలి, రేపల్లెలను ఒకదానితో ఒకటి 1916 నుంచి రైలు కలుపుతున్నందున, అక్కడ స్టేషను దాకా నడవగలిగిన మనిషికి పొరుగూరికి పోవడానికైనా కారు అవసరం పడేది కాదు.

ఆ నడకకు ఇప్పుడు అడుగడుగునా అడ్డు తగులుతున్నది ర్యాంపు. కారు కొన్నవారు గేటు ముందు మురుగుకాలువ మీద చప్టా పోసి, దానిని రోడ్డులోకి ఏటవాలుగా దించుతారు. ఒక్కో ఇంటి వాలు ఒక్కో ఎత్తులో ఉండడం వల్ల నడిచేవారు అంచు వదిలి ఆటోలూ లారీలూ తిరిగే నడిరోడ్డు మీదికి దిగక తప్పడం లేదు. కాలిబాట మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పున ఏ అడ్డూ ఉండరాదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సూచించింది. అంత చోటు ఉన్న వీధుల్లో కూడా అది ర్యాంపుల కిందికే పోతున్నది.

ర్యాంపు కోసం ముందుగా బలి అయినది అరుగు. ఇంటి గోడను ఆనుకుని, చూరు నీడలో, వీధికి ఎదురుగా సున్నపు గచ్చుతో నున్నగా తీర్చిన ఆ గట్టు ఇంటిది ఎంతో వీధిది కూడా అంతే. రోహిణీ కార్తె ఎండలో కూరల గంప దించుకోవడానికి, మోకాళ్ల నొప్పులవారు సగం దారిలో కూర్చోవడానికి, వాన వస్తే బడిపిల్లలు ఒదిగి నిలబడడానికి ఎవరి అనుమతీ అక్కరలేని చోటు అది. ఎవరి పిల్ల ఇంకా ఇల్లు చేరలేదో అరుగు మీది పెద్దలకు తెలిసేది. వీధిని కనిపెట్టి ఉండే కళ్లే వీధికి రక్షణ అని నగరాల మీద రాసిన జేన్ జాకబ్స్ 1961లో వాదించింది. తెలుగు మేస్త్రి ఆ కళ్లకు ఆసనం కూడా కట్టి ఇచ్చాడు. అరుగు తీసి ప్రహరీ లేపిన ఇల్లు వీధికి వీపు చూపిస్తుంది, అలాంటి వీధిలో నాలుగడుగుల దూరానికీ బండి తీయాలనిపిస్తుంది.

ఒక్క వీధివారు కూడబలుక్కుని, పురపాలక సంఘం అనుమతితో, పూడిక తీయడానికి వీలుగా ఎత్తిపెట్టగల పలకలను ఒకే మట్టాన పరుచుకుంటే కాలువ మీదనే కాలిబాట సిద్ధమవుతుంది. అంతటి ఐకమత్యం ఈ నేలకు కొత్త కాదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న చీరాలను పేరాలతో కలిపి పురపాలక సంఘంగా చేసి పన్నుల భారం మోపినందుకు, స్వాతంత్ర్య సమరయోధుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట అక్కడి జనం 1921లో ఇళ్లకు ఇళ్లే ఖాళీ చేసి, ఊరి వెలుపల పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎడింబరోలో చదువుకుని వచ్చిన గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు, అంటే ఆయన స్వచ్ఛంద సేవాదళం, వారికి అండగా నిలిచింది. సొంత ఇళ్లు కనుచూపు మేరలో ఉండగానే ఆ కుటుంబాలు వానలనూ చలినీ ఓర్చి, సుమారు పదకొండు నెలలు ఆ పాకల్లోనే కాపురం చేశాయి.