పాత మద్రాసు రోడ్డు మీద కొత్త బండి

మా యింట్లో ఏడుగురం. అమ్మకు ఎనభై రెండేళ్లు, మనవరాలికి ఆరు. నడుమ మేము అయిదుగురం. వున్న కారులో అయిదుగురికే చోటు. ఎక్కడికి పోవాలన్నా యిద్దరు యింటిపట్టున వుండిపోవాలి. ఆ యిద్దరిలో ఒకరు ఎప్పుడూ అమ్మే. "మీరు పోయి రండి నాయనా, నాకు మోకాళ్లు" అంటుంది. ఆ మాట నమ్మినట్టు నటిస్తూ నాలుగేళ్లు గడిపేశాం. పోయిన సంక్రాంతినాడు ఆవిడ గోడమీది కురుడుమలె వినాయకుడి పటానికి దండం పెట్టుకుంటూ, "యింక నీ దర్శనం పటంలోనే గదా స్వామీ!" అనుకోవడం నా చెవిన పడింది. ఆ పూటే పెద్ద బండి కొనాలని నిశ్చయించుకున్నాను.

మేము బెంగుళూరు హలసూరు వాసులం. అమ్మ పుట్టిల్లు ముళబాగిలు పక్క పల్లె. మా వీధి చివర పట్టుకున్న పాత మద్రాసు రోడ్డు హోసకోట, కోలారు మీదుగా ఆవిడ పుట్టింటి దాకా తీసుకుపోతుంది. కాబట్టి ఏ బండిని పరీక్షించినా ఈ రోడ్డు మీదనే అని నియమం పెట్టుకున్నాను. హలసూరు నుంచి టిన్ ఫ్యాక్టరీ దాటి కృష్ణరాజపురం వేలాడే వంతెన దాకా పోయి రావాలి. ఆ దారి తెలిసినవారికి అంతకంటె కఠినమైన పరీక్ష వుండదని తెలుసు. రెండో నియమం, యింటిల్లిపాదీ ఎక్కాలి. మనవడు పూజగదిలోని చెక్కపీట ఒకటి చంకన పెట్టుకొని వచ్చేవాడు, అవ్వ కాలికింద వేయడానికి.

మొదట వచ్చింది జర్మనీ పేరున్న బండి. మా అబ్బాయికి దాని మీద మనసు. తలుపు వేస్తే బొక్కసం తలుపు మూసినట్టు గంభీరమైన చప్పుడు. ముందు సీట్లో కూర్చుంటే నాకూ కాస్త గర్వం పుట్టిన మాట నిజం. కాని మూడో వరుస పేరుకు మాత్రమే వుంది. పన్నెండేళ్ల మనవడు అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ధర చూస్తే మేము అనుకున్నదానికి రెట్టింపుకు దగ్గర. మా కోడలు దిగి, "మామయ్యా, ఈ బండి ముందు కూర్చునేవాళ్ల కోసం చేశారు" అంది. అంతకంటె క్లుప్తమైన తీర్పు నేను చెప్పలేను.

రెండోది పెద్ద డీజిలు బండి. ఏనుగులాంటి బలం. వంతెన ఎక్కేటప్పుడు ఏడుగురం వున్నామన్న స్పృహే దానికి లేదు. అయితే గడప ఎత్తు. పీట వేసినా అమ్మ నా భుజం ఒకటీ, అబ్బాయి భుజం ఒకటీ పట్టుకొని గాని ఎక్కలేకపోయింది. కూర్చున్నాక ఆయాసం తీర్చుకొని, "దీనికంటె మా నాన్న ఎద్దులబండే నయం. వెనకనుంచి కూర్చుని జరగడమే!" అంది. మరి మాట్లాడలేదు.

మూడోది హైబ్రిడు, టొయోటావారి యిన్నోవా హైక్రాస్. మన బెంగుళూరు పొరుగున బిడదిలో తయారవుతుంది. 2022 చివర వచ్చింది. ఒడ్డూ పొడుగూ ఎస్‌యూవీది, కడుపు మాత్రం వ్యానుది. తెచ్చిన కుర్రవాడు మాతో కన్నడంలో మొదలుపెట్టి, మా యింట మాటలు విని, "మాది చింతామణి సార్" అంటూ తెలుగులోకి దిగాడు. యీ బండికి పాత యిన్నోవాలాగా కింద నిచ్చెనలాంటి విడి చట్రం లేదు; ఒంటి కట్టడం. అందువల్ల లోపలి నేల కాస్త దిగువన వుంటుంది. అమ్మ పీట మీద ఒక కాలు పెట్టి, తలుపు పిడి పట్టుకొని, తనంతట తాను ఎక్కి కూర్చుంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేనేమీ ఎరగనట్టు వూరుకున్నాను.

కొంతసేపటికి అమ్మ, "యింకా బయలుదేరలేదేం నాయనా?" అని అడిగింది.

"వీధి మలుపు దాటాం అవ్వా!" అని మనవరాలు నవ్వింది.

అదే యీ బండి విశేషం. నిలిచి కదిలేటప్పుడు బ్యాటరీతో విద్యుత్ మోటారు లాగుతుంది. వేగమో, బరువో పెరిగితే 1987 సీసీల పెట్రోలు యింజను చేయి కలుపుతుంది. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరై, వృథా పోయే వూపులో కొంత తిరిగి బ్యాటరీలో దాస్తుంది, రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్న పులిహోర చేసే యిల్లాలిలాగా. గోడకు తగిలించి చార్జి చేసే పని లేదు. ఆలోచన కొత్తది కాదు. ఫెర్డినాండ్ పోర్షే 1900 నాటికే యిటువంటి జంటయంత్రపు బండి చేశాడు. 1997లో జపానులో ప్రియస్ వచ్చాక అది సంసారుల వాకిట్లోకి దిగింది. టిన్ ఫ్యాక్టరీ దగ్గర యిరవై నిమిషాలు చీమల బారులా పాకాం. చుట్టూ హారన్ల మోత. లోపల యింజను చాలాసేపు నిద్రలోనే వుంది, చల్లగాలి మాత్రం ఆగలేదు.

లెక్కల మనిషి మా అబ్బాయి ఆ రాత్రి కాగితం తీశాడు. యిదే బండి హైబ్రిడు కానిదానికీ దీనికీ కొన్ని లక్షలు తేడా. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరుగుతాం. లీటరుకు 10 కిలోమీటర్లకు బదులు 15 వచ్చినా మిగిలేది 333 లీటర్లు. నూరు రూపాయల లెక్కన ఏడాదికి 33,300. "పెట్టిన తేడా తిరిగి రావడానికి పన్నెండేళ్లు పైబడుతుంది నాన్నా" అన్నాడు. పన్నులో వున్న మేలూ పోయింది. మునుపు పెద్ద హైబ్రిడ్ల మీద సెస్సుతో కలిసి 43 శాతం, యీ తరహా పెద్ద ఎస్‌యూవీల మీద 50 వుండేది; 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నింటికీ 40 అయింది. పొదుపు కోసమని చెప్పుకొని కొంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

"అయితే ఒకరోజు అద్దెకు తీసుకొని కురుడుమలె పోయి వద్దాం. అప్పుడు తేల్చుకుందాం" అన్నాను.

శనివారం తెల్లవారక ముందే ట్యాంకు నిండా పోయించి బయలుదేరాం. హోసకోట దాటాక చెరువు గాలి, కోలారు దగ్గర ఎడమచేతి వైపు శతశృంగ పర్వతాలు. రోడ్డు విశాలం. యిక్కడ బండి లోపం కూడా బయటపడింది. లారీని దాటాలని గట్టిగా తొక్కితే యింజను మూలుగుతుంది. ఆ మూలుగంత వేగం వెంటనే రాదు. మూడో వరుసలో మనుషులుంటే సామానుకు మిగిలే చోటూ తక్కువే.

కాని నేను గమనించినది వేరొకటి. నడుమ సీట్లోంచి అమ్మ కథ మొదలుపెట్టింది. పెళ్లికి ముందు ఎద్దులబండిలో కురుడుమలె పోవడం, చద్దిమూట, దారిలో చక్రం యిరుసు విరగడం. ఆవిడ గొంతు చిన్నది. వెనక వరుసలోంచి మనవరాలు, "ఎద్దుల పేర్లేమిటి అవ్వా?" అని అడిగింది. ఆ పిల్ల దాకా ప్రతి మాటా వినిపించింది! మా పాత కారులో ముందు సీట్లో కూర్చున్నా అమ్మ మాట నాకు సగమే వినబడేది. ఆవిడ ప్రయాణంలో మాట్లాడదని యిన్నాళ్లూ అనుకున్నాను.

ముళబాగిలులో నేతి దోసె తిన్నాం. డీవీజీ పుట్టిన వూరిది. హోటలు అబ్బాయి ఒక బల్లకు కన్నడం, ఒక బల్లకు తెలుగు, మూడోదానికి తమిళం వడ్డిస్తున్నాడు. అక్కడికి పది కిలోమీటర్లలో కురుడుమలె. పదమూడు అడుగులు దాటిన ఏకశిలా వినాయకుడి ఎదుట అమ్మ చాలాసేపు నిలబడింది. ఏం కోరుకుందో అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు పీట సంగతి అందరం మరిచిపోయాం. ఆవిడ ఎక్కి కూర్చున్నాకనే మనవడికి గుర్తొచ్చింది.

మొత్తం 210 కిలోమీటర్లు. యింటికి చేరి మళ్లీ నింపితే 12.6 లీటర్లు పట్టింది. లీటరుకు పదహారున్నర పైచిలుకు. కాగితం మీద 23.24 అని వుంది. కాగితం మీద టిన్ ఫ్యాక్టరీ లేదు గదా! అదీగాక బ్రేకు పనిలేని పెద్దరోడ్డు మీద దీని కూడబెట్టే గుణానికి అవకాశం తక్కువ.

సోమవారం అడ్వాన్సు కట్టాను. బండి రావడానికి కొన్ని వారాలు పడుతుందట. కొనబోయే చదువరులకు నాది ఒకటే మనవి. షోరూమువారు చూపించిన దారిలో కాదు, మీరు రోజూ విసుక్కునే దారిలో నడిపి చూడండి. ముందు సీటు సంగతి తరవాత; వెనక వరుసలో అరగంట మీరే కూర్చోండి. యింట్లో "మీరు పోయి రండి" అనేవారు ఎవరైనా వుంటే, వారిని మొదట ఎక్కించండి.