ఇంటిపన్ను – ఒక విన్నపం

సంస్థ క్వార్టర్లలో నివసించినంత కాలం ఇంటిపన్నును ఎట్లా నిర్ణయిస్తారో తెలుసుకోవలసిన అవసరం మనలో చాలామందికి కలుగదు. 1998లో గృహనిర్మాణ రుణంతో సొంత ఇల్లు కట్టుకున్న తరువాతనే మాకు ఆ అవసరం కలిగింది. గృహప్రవేశమైన కొద్ది నెలలకే పురపాలక కార్యాలయం నుండి ప్రత్యేక నోటీసు అందింది. అందులోని పన్ను, మా ఇంటివంటి పొరుగిళ్ల పన్నుకు దాదాపు రెట్టింపు!

ఆనాడు 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం ప్రకారం వార్షిక అద్దె విలువే పన్నుకు ఆధారం. ఇంటి వైశాల్యం, ఉన్న ప్రాంతం, కట్టడపు తరగతి, వాడుక – వీటినిబట్టి ఆ విలువను లెక్కించేవారు. కట్టడపు వయస్సునుబట్టి 10 నుండి 30 శాతం వరకు తగ్గింపు ఉండేది. యజమాని స్వయంగా నివసిస్తే అది కూడా కలుపుకొని 40 శాతం.

మేము టేపు పట్టి ఇల్లు కొలిచాము. 30 అడుగుల పొడవు, 28 అడుగుల వెడల్పు, అనగా 840 చదరపు అడుగులు. కార్యాలయపు లెక్కలో 1,140 ఉన్నది. వెనుకనున్న 300 చదరపు అడుగుల ఖాళీ పెరడు కట్టడంలో కలిసిపోయింది. పైగా, ఇల్లు అద్దెకిచ్చినట్లు నమోదయింది.

"ఎందుకీ శ్రమ? ఎవరి చేతిలోనైనా ఏదో పెడితే సరిపోదా?" అన్నారొక మిత్రులు. మాకది రుచించలేదు. న్యాయంగా రావలసిన తగ్గింపును డబ్బిచ్చి కొనుక్కుంటే, మరొకనాడు మళ్లీ కొనవలసివస్తుంది.

గడువులోగా కమిషనరుగారికి రివిజన్ పిటిషన్ సమర్పించాము. ఆమోదం పొందిన ప్లాను నకలు, కొలతల పట్టిక, మా పేరనున్న కరెంటు బిల్లు జతచేసి, రసీదు తీసుకున్నాము. విచారణ రెండుసార్లు వాయిదాపడింది; రెండు క్యాజువల్ లీవులు ఖర్చయినవి. చివరకు ఒక అధికారి వచ్చి మా ఎదుటనే కొలిచారు. పెరటిలో టేపుకు జామమొక్క అడ్డువచ్చింది. ఆయన చిరునవ్వుతో 840 అని వ్రాసుకున్నారు. సవరించిన పన్నును మేము ఆలస్యం చేయక చెల్లించాము.

2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారమైన పద్ధతి వచ్చింది. పద్ధతి మారినా వైశాల్యం, వాడుక లెక్కలో ఉండనే ఉన్నాయి. వీధిదీపాలకు, మురుగుకాలువలకు మన పన్ను అవసరమే. కనుక చెల్లించడం మన బాధ్యత. చెల్లించే ముందు లెక్క సరిచూసుకోవడం మన హక్కు. పదవీ విరమణకు ముందు ఇల్లు కట్టుకుంటున్న సహోద్యోగులు ప్లాను నకలును, రసీదులను భద్రపరచుకోవాలని మా మనవి.