మామూలోళ్లు కాదు!

లివర్‌పూల్ అనగానే మనవాళ్లకి రెండే గుర్తొస్తాయి. ఒకటి ఫుట్‌బాల్, రెండు బీటిల్స్. మెర్సీ నది ఒడ్డునున్న ఈ ఇంగ్లండ్ రేవు పట్నానికి మరో ప్రత్యేకతా ఉంది. వికలాంగ కళాకారుల్ని పనిగట్టుకుని పిలిచి, వాళ్ల బొమ్మలూ నాటకాలూ నాట్యాలతో పండుగ చేసుకునే ఊరది. ఆ పండుగ పేరు డాడాఫెస్ట్. 'డిజెబిలిటీ అండ్ డెఫ్ ఆర్ట్స్'లోని మొదటి అక్షరాలే డాడా అయ్యాయి. తొలి పండుగ 2001లో జరిగింది. దాని వెనకున్న సంస్థ ఇంకా పాతది. 1984లో 'ఆర్ట్స్ ఇంటిగ్రేటెడ్ మెర్సీసైడ్' పేరుతో పుట్టింది.

జాలి కట్టిన భవనం

లండన్ నుంచి రైలెక్కితే రెండు గంటలు దాటీ దాటగానే లైమ్ స్ట్రీట్ స్టేషన్ వస్తుంది. అక్కణ్నుంచి పది నిమిషాలు నడిస్తే స్కూల్ లేన్. దుకాణాల సందడి మధ్య ఓ ఇనుప గేటు, రాళ్లు పరిచిన ముంగిలి, ఎర్ర ఇటుకల పాత మేడ కనిపిస్తాయి. అదే బ్లూకోట్. నగరం నడిబొడ్డున మిగిలిన భవనాల్లో అన్నిటికన్నా పాతది. 1717లో పేదపిల్లల కోసం ధర్మబడిగా కట్టారు. దానికి డబ్బిచ్చిన వ్యాపారుల్లో బానిసల రవాణాతో సంపాదించినవాళ్లూ ఉన్నారు. ఓ చేత్తో మనుషుల్ని అమ్మి, మరో చేత్తో దానం చేసిన కాలమది!

1906లో బడి వేరేచోటికి తరలిపోయింది. మరుసటేడే కళాకారులు అందులో అడుగుపెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి కొంతభాగం కాలిపోయినా వాళ్లు వదల్లేదు. 2008లో లివర్‌పూల్ యూరప్ సాంస్కృతిక రాజధాని అయినప్పుడు, కొత్త భాగాన్ని జోడించి భవనాన్ని మళ్లీ తెరిచారు. డాడాఫెస్ట్ ప్రదర్శనలకు ముఖ్యమైన వేదికల్లో ఇదొకటి.

2012లో ఇక్కడ పెట్టిన ప్రదర్శన పేరు 'నీట్ నార్మాల్'. డచ్చి భాషలో ఆ మాటకు 'మామూలు కాదు' అని అర్థం. అబ్బురపడినప్పుడు కూడా వాళ్లు అదే మాటంటారట. మనమూ అంతేగా! గొప్ప పాటో ఆటో చూస్తే 'వీడు మామూలోడు కాదు' అంటాం. వైకల్యాన్ని చూసి 'వీడు మామూలుగా లేడే' అని నసిగేదీ మనమే. ఒకే మాటకున్న ఆ రెండు అర్థాల మధ్య దూరాన్ని చెరిపేయడమే డాడాఫెస్ట్ పని.

చూపు లేని నావికుడు

ఇలాంటి పండుగ ఈ ఊళ్లోనే పుట్టడం వింతేం కాదు. 1756లో ఇక్కడే ఎడ్వర్డ్ రష్టన్ అనే కవి పుట్టాడు. చిన్నతనంలోనే ఓడ పనిలో చేరాడు. ఆఫ్రికన్ బానిసలతో డొమినికా దీవికి వెళ్తున్న ఓడలో కళ్లకు సోకే అంటువ్యాధి వ్యాపించింది. ఓడ అడుగున బందీలుగా ఉన్నవాళ్ల దగ్గరికి రష్టన్ తిండీ నీళ్లూ మోసుకెళ్లాడు. ఆ రోగం అతనికీ అంటింది. ఇరవై ఏళ్లు నిండకుండానే చూపు పోయింది.

అయినా రష్టన్ మూల కూర్చోలేదు. బానిసత్వానికి వ్యతిరేకంగా కవిత్వం రాశాడు. బానిసల్ని ఇంకా ఎందుకు ఉంచుకున్నారంటూ 1797లో సాక్షాత్తూ జార్జి వాషింగ్టన్‌నే నిలదీస్తూ ఉత్తరం అచ్చువేశాడు. అంతకుముందే, 1791లో లివర్‌పూల్‌లో అంధుల బడి ఏర్పడటానికి కారణమయ్యాడు. బ్రిటన్‌లో అదే మొదటిది. శస్త్రచికిత్స తర్వాత 1807లో ఆయనకు చూపు తిరిగొచ్చింది. బానిసల వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటన్ చట్టం చేసిన ఏడాది కూడా అదే! ఆయన చనిపోయి రెండొందలేళ్లయిన 2014లో, ఆ కథను లివర్‌పూల్ మ్యూజియంలో ప్రదర్శనగా పెట్టారు.

ఆహ్వానంలో ఏముంటుంది?

రష్టన్ కాలం నుంచి డాడాఫెస్ట్ దాకా దారి సాఫీగా సాగలేదు. బ్రిటన్‌లో ఐటీవీ చానల్ వికలాంగుల పేరిట 'టెలిథాన్' అంటూ గంటల తరబడి విరాళాల కార్యక్రమం నడిపేది. మమ్మల్ని దీనంగా చూపించి డబ్బులు అడుక్కోవద్దంటూ 1990లోనూ 1992లోనూ వికలాంగులే లండన్‌లో స్టూడియో ముందు నిరసనకు దిగారు. కళాకారులూ అందులో ఉన్నారు. 1992 తర్వాత ఆ కార్యక్రమం మళ్లీ రాలేదు. జాలి వద్దు, వేదిక కావాలన్న ఆ పట్టుదలే వికలాంగుల కళా ఉద్యమానికి ఊపిరి. వాళ్ల వాదన ఒక్క ముక్కలో చెప్పాలంటే... చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఆపేది కాళ్లు కాదు, మెట్లు.

అందుకే అక్కడ ఇలాంటి పండుగలకు కళాకారుల్ని పిలిచే తీరు వేరుగా ఉంటుంది. దరఖాస్తు రాసే పంపాలనేం లేదు. అంధులు మాటల్లో రికార్డు చేసి పంపొచ్చు. బధిరులు సంజ్ఞా భాషలో వీడియో తీసి పంపొచ్చు. ఎంపికైనవాళ్లు తమకేం కావాలో ముందే ఓ కాగితం మీద రాసిస్తారు. ర్యాంపు, సంజ్ఞా భాష తెలిసిన మనిషి, తోడొచ్చే సహాయకుడికి ప్రయాణ ఖర్చు, మధ్యమధ్య విశ్రాంతి... ఏదైనా సరే. ఆ ఖర్చును పారితోషికంలో కోయకుండా విడిగా లెక్కేయడమే అసలు మర్యాద.

ప్రేక్షకుల సంగతీ అంతే. మాటలు తెరమీద అక్షరాలై కనిపిస్తాయి. వేదిక మీద జరిగేదాన్ని చూపులేనివారికి చెవిలో వివరించే ఏర్పాటు ఉంటుంది. కొన్ని ప్రదర్శనల్లో దీపాలు పూర్తిగా ఆర్పరు, చప్పుడు తగ్గిస్తారు. ఆటిజం ఉన్న పిల్లలు మధ్యలో లేచి తిరిగినా ఎవరూ ఉరిమి చూడరు. 2025 మార్చిలో జరిగిన డాడాఫెస్ట్‌కు 'ఆగ్రహం' అన్నదే ఇతివృత్తం. నవ్వుతూ దణ్ణం పెట్టే వికలాంగుడినే చూడాలనుకునేవాళ్లకి అది మింగుడుపడకపోవచ్చు!

మరి మన దగ్గర?

మనకు కళాకారుల కొరత లేదు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ పాఠాలు చెప్పి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ప్రమాదంలో కాలు పోయిన సుధాచంద్రన్ జైపూర్ పాదంతో నాట్యం చేస్తే 1985లో 'మయూరి'ని కళ్లార్పకుండా చూశాం. చట్టానికీ లోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్... వికలాంగ కళాకారులకూ రచయితలకూ సదుపాయాలూ ఆర్థిక చేయూతా ఇవ్వాలనీ, కళలు వికలాంగులందరికీ అందుబాటులో ఉండాలనీ చెబుతోంది. గోవా 2023 జనవరిలో పణజిలో 'పర్పుల్ ఫెస్ట్' మొదలుపెట్టి ఓ దారి చూపించింది.

లోటంతా పిలిచే పద్ధతిలోనే. డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం వస్తుంది. పాట పాడిస్తాం, శాలువా కప్పుతాం, ఫొటో దిగుతాం. మిగతా ఏడాదంతా జరిగే సంగీతోత్సవాలకీ నాటకోత్సవాలకీ చిత్రకళా ప్రదర్శనలకీ వాళ్లకు పిలుపు వెళ్లదు. వెళ్లినా, వేదికకు మూడు మెట్లుంటాయి. కుర్చీతో సహా నలుగురు ఎత్తి పైన పెడతారు. చప్పట్లు అప్పుడే మొదలవుతాయి... ఆ మనిషి ఇంకా పాట ఎత్తుకోకముందే!

లివర్‌పూల్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది పెద్ద బడ్జెట్టేం కాదు. ఆహ్వానపత్రికలో ఇంకొక్క వాక్యం... 'రావడానికి మీకేమేం కావాలో చెప్పండి' అని. జవాబొచ్చాక, పండుగకి వారం ముందే వడ్రంగిని పిలిచి ఆ మూడు మెట్ల పక్కన ఓ ర్యాంపు వేయించడం. అప్పుడు చప్పట్లు పాట అయ్యాకే మోగుతాయి. 'మామూలోడు కాదు' అనే మాట కూడా ఆ పాటకే దక్కుతుంది.