భీంకు అక్షరాలు ఎవరిచ్చారు?

మా దర్శి వైపు పిల్లలకు కొమురం భీం పేరు పుస్తకంలో కంటే ముందు సినిమాలో తెలిసింది. భీం ఎవరి మీద పోరాడాడు అని తరగతిలో అడిగితే "తెల్లదొరల మీద" అంటారు. నైజాం మాట ఎవరి నోటా రాదు. అది పిల్లల తప్పు కాదు. 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ వాళ్లకు చూపించింది అదే.

ఇది కల్పిత కథ అని రాజమౌళి ముందే చెప్పారు. అల్లూరి, భీం ఇద్దరూ వయసులో ఉండగా కొంతకాలం సొంత ఊళ్లకు దూరంగా తిరిగారు, అప్పుడు ఒకరికొకరు తారసపడి ఉంటే ఎలా ఉండేదన్నది ఆయన ఊహ. ఊహించే హక్కు ఎవరికైనా ఉంటుంది. అయితే పేరు మాత్రం ఊహ కాదు కదా. జోడేఘాట్‌లో 1940లో తుపాకి గుండ్లకు ఒరిగిన మనిషి పేరది.

రాజమౌళి పద్ధతి మనందరికీ తెలుసు. మనిషిని పురాణాల్లో వీరుడంత ఎత్తున నిలబెడతారు. స్నేహం, ప్రతిజ్ఞ, పగ, ఆపైన నిప్పూ నీరూ. నది మీద మంటల్లో చిక్కిన పిల్లవాణ్ణి ఇద్దరూ తాడు పట్టుకుని కాపాడేచోట మేమూ ఊపిరి బిగబట్టాం. కొరడా దెబ్బలు తింటూ మోకాళ్లు వంచకుండా భీం పాడే పాట దగ్గర మా ఇళ్లలో ఏడవనివాళ్లు తక్కువ. మేము యానాదులం, గోండులం కాదు. అయినా ఆ పాట మాదే అనిపించింది. ఆదివాసి అంటే ఈకలు కట్టి ఎగిరేవాడని చూపించిన సినిమాలు ఎన్ని చూశామో! వాటి పక్కన ఇది చిన్న సంగతి కాదు.

చిక్కంతా ఆ పద్ధతి కోరే పొత్తులో ఉంది. ఒకడు నిప్పయితే రెండోవాడు నీరు కావాలి. ఒకడు చదువుకున్నవాడైతే రెండోవాడు అడవి అమాయకుడు కావాలి. కథ ఆ దారినే పోయి, చివర్లో ఏం కావాలో అడగమని రామ్ అంటే భీం తనకూ తన వాళ్లకూ చదువు కావాలంటాడు. హాల్లో చప్పట్లు. బడిలో పనిచేసే మాకు గుచ్చుకున్నది అక్కడే.

భీం జీవితం రాసినవాళ్లు చెప్పేది వేరు. ఊరు విడిచి చాందా చేరినప్పుడు విఠోబా అనే ఆయన ప్రెస్సులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత అస్సాం తేయాకు తోటలకు వెళ్లి, తిరిగొచ్చి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేల మీద హక్కు అడిగాడు. చదువు దేహీ అన్నవాడు కాడు, చదువుకునే పోరాటంలోకి దిగినవాడు. ఆయన పోయాక నైజాం ప్రభుత్వం గోండుల స్థితి చూడమని హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. డైట్‌లో శిక్షణ పొందిన మాకు ఆ ముక్క అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆ బడి ఒక స్నేహితుడి దానం కాదు, తిరుగుబాటు తెచ్చింది.

ఇదే మనిషి మీద అల్లాణి శ్రీధర్ సినిమా తీశారు. భూపాల్ రెడ్డి భీంగా వేశారు. 1990 ప్రాంతంలో తయారైన ఆ సినిమా హాళ్లకు వచ్చేసరికి 2010 అయింది. అందులో శత్రువు నైజామే, కథ అడవి దాటి ఢిల్లీకి పోదు. మా పిల్లల్లో దాన్ని చూసినవాళ్లు లేరు. చూపిస్తే ఆర్‌ఆర్‌ఆర్ అంత ఊపు లేదని పెదవి విరుస్తారేమో, అదీ నిజమే. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు సంగతి ఇంకొకటి. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది కృష్ణ పూర్తిచేయించారు. అక్కడ దర్శకుడి ముద్ర కంటే హీరో పట్టుదలే ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు మేము ఆర్‌ఆర్‌ఆర్ వద్దనం. భీం పాఠం వచ్చినప్పుడు ఆ చివరి సన్నివేశం పిల్లల చేతనే చెప్పిస్తాం. తర్వాత పటంలో మార్లవాయి ఎక్కడుందో వెతకమంటాం. దర్శి నుంచి అది చాలా దూరం, రాష్ట్రం కూడా వేరయింది. వేలు పెట్టి వెతుకుతూ పోతారు. ఆ వైపే గుంజాల అనే ఊరుంది, గోండుల సొంత లిపిలో రాసిన పాత ప్రతులు దొరికిన ఊరు. ఆ అక్షరాలు కొన్ని బోర్డు మీద వేశాం. ఇవి సినిమాలో ఎందుకు లేవు సార్ అని ఆరో తరగతి పిల్ల అడిగింది. అందరూ తలా ఒక కారణం చెప్పారు, గంట కొట్టేదాకా తేలలేదు.