వెలలేని తుపాకి

కొత్తమ్మతల్లి జాతరకు కోటబొమ్మాళి వెళ్ళినప్పుడు మా అబ్బాయి బొమ్మ తుపాకులన్నీ తిరగేసి, బాగా మెరిసేదాన్ని ఎంచుకున్నాడు. పాత రివాల్వర్లు సేకరించే ధనికులు మెరుపు చూడరు; పట్టిన చేతిని చూస్తారు. 1873లో ఫ్రెంచి కవి వెర్లేన్ తన మిత్రకవి రేంబోను కాల్చిన రివాల్వరు 2016లో పారిస్ వేలంలో 4,34,500 యూరోలు పలికింది. ఈ కథను తరగతిలో ఎన్నోసార్లు రక్తి కట్టించి చెప్పాను. రేంబో మణికట్టు గాయాన్ని ఒక్కసారీ ప్రస్తావించలేదు.

1967 అక్టోబరు 31న, ఆనాటి శ్రీకాకుళం జిల్లా లేవిడిలో, సభకు పోతున్న గిరిజనులపై భూస్వాముల పక్షంవారు తుపాకులు పేల్చగా కోరన్న, మంగన్న మరణించారు. ఆ తుపాకులను కోరిన సేకర్త ఉన్నట్టు నేను వినలేదు. కవి చేతి తుపాకికి వెల ఉన్నది. గిరిజనుని ప్రాణం తీసినదానికి లేదు. చరిత్ర విలువను వేలంపాటకు విడిచిపెట్టిన మాస్టర్లలో నేనూ ఒకణ్ణి. ఇకమీదట నా పాఠం లేవిడి నుంచే మొదలవుతుంది.